కెమెరాకు ఆవిరి పట్టకుండా ఏది కొనాలి: జిప్‌లాక్ కవర్ నుంచి డ్రై క్యాబినెట్ దాకా

డ్రై క్యాబినెట్, అంటే లోపలి తేమను తగ్గించే కరెంటు బీరువా, కొన్నవాళ్లలో చాలామంది చేసే ఫిర్యాదు ఒకటుంది. అంత డబ్బు పోసి కొని, రాత్రంతా కెమెరా అందులోనే పెట్టి, పొద్దున్నే పెళ్లి మండపానికి తీసుకెళ్తే లెన్సు మొత్తం మసకేసిందని. క్యాబినెట్లో లోపమేమీ లేదు. అది చేసే పని వేరు, ఆ పూట కావలసిన పని వేరు. చుట్టూ తేమ తగ్గించి లెన్సుకు ఫంగస్ రాకుండా చూసే సామాను ఒక రకం. చల్లబడ్డ కెమెరా వేడిగాలిలోకి వచ్చినప్పుడు దాని మీద నీళ్లు చేరకుండా ఆపే సామాను ఇంకో రకం. ఈ రెండో పనికి బజార్లో దొరికేవాటిలో అన్నింటికంటే చవకైనదే అన్నింటికంటే బాగా పనిచేస్తుంది. అది పదో ఇరవయ్యో రూపాయల జిప్‌లాక్ కవర్, నోరు నొక్కి మూసే ప్లాస్టిక్ సంచి. మిగతావాటికీ వాటి చోటు వాటికుంది. ఏది ఎక్కడ పనికొస్తుందో, ఏది డబ్బు దండగో విడివిడిగా చూద్దాం.

ముందు లెక్క తెలిస్తే కొనే సామాను గురించి అనుమానాలు సగం తీరిపోతాయి. విశాఖలోనో కాకినాడలోనో వానాకాలంలో 32 డిగ్రీల వేడి, 75 శాతం తేమ మామూలే. ఆ గాలికి డ్యూ పాయింట్ సుమారు 27 డిగ్రీలు. అంటే 27 కంటే చల్లగా ఉన్న ఏ వస్తువుకు ఆ గాలి తగిలినా దాని మీద నీళ్లు కడతాయి. హోటల్ గదిలో ఏసీ 22లో పెట్టి పడుకుంటే తెల్లారేసరికి కెమెరా లోహమూ గాజూ అన్నీ 22 దగ్గరే ఉంటాయి. తలుపు తీసుకుని బయటికి రాగానే ఆ ఐదు డిగ్రీల తేడా తన పని చేసేస్తుంది. ఆ బయటి గాలిలో ఘనపు మీటరుకు పాతిక గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. 22 డిగ్రీల గాలి 19 గ్రాములకు మించి పట్టుకోలేదు. ఆ మిగులే లెన్సు మీద, ఫ్లాష్ పెట్టే హాట్‌షూ రేకుల మీద, ఆ సమయంలో లెన్సు మార్చితే ఏకంగా సెన్సర్ మీద దిగుతుంది.

డ్యూ పాయింట్ నోటిలెక్కన కట్టొచ్చు. తేమ 100 శాతానికి ఎంత తక్కువుందో చూసి, ప్రతి 5 శాతానికి ఒక డిగ్రీ చొప్పున అప్పటి ఉష్ణోగ్రతలోంచి తీసేయండి. 30 డిగ్రీలు, 80 శాతం అయితే 26. తేమ 50 శాతం పైన ఉన్నంతవరకూ ఈ లెక్క దాదాపు సరిపోతుంది. ఫోన్లో వాతావరణం యాప్ చూస్తే రెండు అంకెలూ దొరుకుతాయి, కొన్ని యాప్‌లు డ్యూ పాయింట్‌నే నేరుగా చూపిస్తాయి. గదిలో ఏసీ ఎంతలో ఉందో దాంతో పోల్చుకుంటే కవర్ కావాలో వద్దో తేలిపోతుంది.

ఈ లెక్క వల్ల ఇంకో లాభం, అనవసరంగా భయపడక్కర్లేదు. హైదరాబాదులో మే నెల ఎండలో 40 డిగ్రీలు, 20 శాతం తేమ ఉన్నరోజున డ్యూ పాయింట్ 13 లోపే. ఏసీ గదిలోంచి కెమెరా తెచ్చి అప్పటికప్పుడు తీసుకోవచ్చు, చుక్క నీరు కట్టదు. అదే కెమెరాను లంబసింగి చలిలో తెల్లవారుజామున బయట తిప్పి 7 డిగ్రీలకు తెచ్చి, తరవాత 20 డిగ్రీల గదిలోకి పట్టుకెళ్తే కథ వేరు. ఆ గదిలో 60 శాతం తేమ ఉన్నా డ్యూ పాయింట్ 12 డిగ్రీలు. నలుగురు కూర్చుని అద్దాలు మూసుకున్న కారైతే అందరి ఊపిరీ కలిసి ఇంకా పైకి పోతుంది. చాలామంది వెచ్చటి చోటు నుంచి చలిలోకి వెళ్లేటప్పుడు కంగారుపడతారు. ఆ దిశలో కెమెరా గాలికంటే వెచ్చగానే ఉంటుంది కాబట్టి పైన నీరు కట్టదు. జాగ్రత్త పడాల్సింది తిరిగి లోపలికి వచ్చేటప్పుడు. చికాగోలోనో న్యూజెర్సీలోనో ఉన్నవాళ్లకు శీతాకాలంలో ఇది నిత్యం ఉండే సమస్య. బయట మైనస్ 10, ఇంట్లో 21 డిగ్రీలు, 35 శాతం తేమ. ఇంటి గాలి ఎంత పొడిగా అనిపించినా దాని డ్యూ పాయింట్ 5 డిగ్రీలు, కెమెరా దానికి పదిహేను డిగ్రీలు కింద ఉంటుంది. లెన్సు మీద కట్టిన తేమ ముందు మంచుపొరలా గడ్డకడుతుంది కూడా.

జిప్‌లాక్ కవర్

కెనాన్, నికాన్ రెండూ తమ మాన్యువళ్లలో చెప్పే మందు ఇదే. ఉష్ణోగ్రత ఒక్కసారిగా మారే చోటికి వెళ్లేముందు కెమెరాను ప్లాస్టిక్ సంచిలో పెట్టమంటాయి. మాన్యువల్లో ఒకే ఒక్క వాక్యం కావడంతో ఎవరూ పట్టించుకోరు.

పనిచేసే తీరు చాలా సులువు. ఏసీ గదిలో గాలి చల్లగా, పొడిగా ఉంటుంది. ఆ గాలితోపాటు కెమెరాను కవర్లో పెట్టి మూసేస్తే, బయటికి వెళ్లాక తేమగాలి తగిలేది కవర్ పైభాగానికే. నీళ్లు కవర్ మీద కడతాయి, లోపల కెమెరా పొడిగా ఉంటూనే మెల్లగా వెచ్చబడుతుంది. కాబట్టి మూయాల్సింది గదిలోనే, తలుపు తీయకముందే. లిఫ్టు దిగి, లాబీ దాటి, కారు దగ్గరికొచ్చాక మూస్తే తేమగాలిని కెమెరాతో కలిపి బంధించినట్టే. ఈ ఒక్క తప్పు చేసి కవర్ పనికిరాదని పారేసేవాళ్లు చాలామంది.

కొనేటప్పుడు ఫ్రీజర్‌లో వాడే మందపాటి రకం తీసుకోండి. కూరగాయలకని అమ్మే పల్చటివి బాడీ (లెన్సు కాకుండా మిగతా కెమెరా) అంచులకే చిరుగుతాయి. మిర్రర్‌లెస్ బాడీ, 24-70 ఎంఎం జూమ్ లెన్సుకు ఒక గ్యాలన్ సైజు, అంటే దాదాపు 27 సెంటీమీటర్ల వెడల్పున్నది సరిపోతుంది. 70-200 తగిలించిన బాడీకి రెండు గ్యాలన్లది కావాలి. వేలితో నొక్కి మూసే గాడి రకం మంచిది. గాడి రెండు వరసలుంటే మరీ మంచిది. లాగి మూసే స్లైడర్ ఉన్నవి చేతికి హాయిగా ఉంటాయి గానీ, స్లైడర్ ఆగే మూల దగ్గర సన్నటి సందు మిగిలిపోతుంది. పరీక్ష కష్టం కాదు. కవర్లో గాలి నింపి మూసి, బకెట్టు నీళ్లలో ముంచి నొక్కండి. మూల నుంచి బుడగలు వస్తే ఆ కవర్ చార్జర్లకూ కేబుళ్లకూ వాడుకోండి, కెమెరాకు వద్దు. పాత కవర్లనూ అప్పుడప్పుడు ఇలాగే చూసుకోవాలి, మడత పడ్డ గీతల వెంబడే చిల్లులు పడతాయి.

మూసేముందు చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. షూట్‌కు ఏ లెన్సు కావాలో అది తగిలించేసి, నిండా చార్జయిన బ్యాటరీ, ఖాళీ కార్డు పెట్టేయండి. మధ్యలో తెరిస్తే పడ్డ శ్రమంతా వృథా. బయటికి సాగే జూమ్ అయితే పూర్తిగా లోపలికి ముడవండి. ట్రైపాడ్ ప్లేటు మూలలు కవర్‌ను పొడుస్తాయి, దాన్ని తీసేయండి, లేదా చిన్న గుడ్డ చుట్టండి. బెల్టు మొత్తం లోపలే పెట్టండి. జిప్ గాడిలో బెల్టు పోగు ఒక్కటి ఇరుక్కున్నా అక్కడినుంచి గాలి దూరుతుంది. తరవాత వేలు పట్టేంత సందు ఉంచి గాడి మూసి, కవర్‌ను కెమెరా చుట్టూ అరచేతులతో నొక్కి గాలి బయటికి పంపి, ఆ సందు కూడా మూసేయండి. నోటితో గాలి పీల్చి తీయొద్దు. మన ఊపిరి దాదాపు నిండా తేమతో ఉంటుంది, కొంచెం వెనక్కి పోయినా చాలు లోపల మసకేయడానికి. ఇదే పద్ధతిలో రెండో బాడీని, విడి లెన్సులను వేరువేరు కవర్లలో పెట్టాలి. ఫ్లాష్‌ను కూడా వదలొద్దు.

ఎంతసేపు ఆగాలన్నదే అందరికీ కష్టమైన భాగం. బాడీకి 50 ఎంఎం లాంటి చిన్న లెన్సు ఉంటే అరగంట నుంచి నలభై నిమిషాలు. 24-70 ఎఫ్ 2.8 అయితే గంట. 70-200 ఎఫ్ 2.8కి గంటన్నర. పక్షుల ఫోటోలకు వాడే 150-600 లాంటివాటికి రెండు గంటలకు తగ్గకుండా చూసుకోవాలి, వాటి ముందు గాజు లావుగా ఉండి నెమ్మదిగా వేడెక్కుతుంది. కవర్‌ను నీడలో, ఫ్యాను గాలి తగిలే చోట బల్ల మీద పెడితే సమయం తగ్గుతుంది. కవర్‌ను బ్యాగులో దూర్చితే స్పాంజి అడ్డుపడి పెరుగుతుంది. త్వరగా కావాలని ఎండలో పెట్టొద్దు, ఒకవైపు కాలిపోయేంత వేడెక్కి రెండో వైపు చల్లగానే ఉండిపోతుంది.

అయిందో లేదో కవరే చెబుతుంది. మొదట బయటివైపంతా సన్నటి పొగలా తెల్లబడుతుంది, తరవాత అది చుక్కలుగా మారి కింది మడతలోకి జారుతుంది. కొంతసేపటికి కొత్త చుక్కలు పుట్టడం ఆగి, ఉన్నవి అంచుల నుంచి ఆరిపోవడం మొదలుపెడతాయి. గుడ్డతో ఒకసారి తుడిచి చూడండి. తుడిచిన చోట మళ్లీ మసకేయకపోతే కవర్ పైభాగం డ్యూ పాయింట్ దాటిందని అర్థం. లెన్సు లోపలి గాజు దీనికంటే వెనకబడి ఉంటుంది కాబట్టి అక్కడినుంచి ఇంకో ఇరవై నిమిషాలు ఆగి తెరవండి. చిన్న డిజిటల్ థర్మామీటర్ కవర్లో పడేస్తే ఇంకా నయం. బయటి 32 దాకా రానక్కర్లేదు, డ్యూ పాయింట్ 27 అయితే లోపల 29 చూపించాక పై ఇరవై నిమిషాలు కలిపితే చాలు.

తిరుగు ప్రయాణంలో ఒక మెలిక ఉంది. వానలో షూట్ ముగించి, 32 డిగ్రీల తేమగాలిలోనే కెమెరాను కవర్లో మూసి ఏసీ గదికి తెస్తే, లోపల బంధించిన గాలి చల్లబడి కవర్ లోపలే నీరు విడుస్తుంది. వేడి నుంచి చల్లటి పొడిగదిలోకి వచ్చేటప్పుడు కవర్ తెరిచి ఉంచడమే మేలు. తడి తుడిచి, అలాగే బల్ల మీద పెడితే ఏసీ గాలికే ఆరుతుంది.

ఒక్కో కవర్ ధరకు ఇంత నమ్మకంగా పనిచేసేది ఇంకోటి లేదు. దీనికి ఉన్న లోపం ఒక్కటే, ఓపిక కావాలి. అయిదింటికి ముహూర్తమైతే మూడున్నరకే కెమెరా గది దాటాలి.

బ్యాగు, హార్డ్ కేసు, రోల్‌టాప్ సంచి

కెమెరా బ్యాగు స్పాంజి వేడిని ఆపుతుంది. జిప్పులన్నీ మూసిన బ్యాగులో కెమెరా రెండు మూడు గంటలు తీసుకుని నెమ్మదిగా వెచ్చబడుతుంది. కానీ బ్యాగు జిప్పు గాలిని ఆపదు. కోస్తా వానాకాలానికి బ్యాగు ఒక్కటే చాలదు, కవర్‌కు తోడుగా మాత్రమే.

పెలికన్ లాంటి హార్డ్ కేసులు రబ్బరు రింగుతో గాలి చొరకుండా మూసుకుంటాయి. విమానంలో ఒత్తిడి మారినప్పుడు మూత బిగుసుకుపోకుండా గాలిని వదిలి నీళ్లను ఆపే చిన్న వాల్వు కూడా ఉంటుంది. దెబ్బలకూ వానకూ ఇంతకు మించినవి లేవు. కానీ లోపలి ఫోమ్ ఏసీ చల్లదనాన్ని పూటంతా దాచుకుంటుంది. గదిలోంచి కేసు తెచ్చి గంటలో తెరిస్తే కెమెరా ఇంకా చల్లగానే ఉంటుంది, వెంటనే మసకేస్తుంది. కేసు వాడేవాళ్లు పొద్దున కావలసిన బాడీని ముందు రాత్రే తీసి కవర్లో వేసుకోవాలి. రింగు మీద వెంట్రుక పడినా గాలి చొరుతుంది, మూసేముందు ఒకసారి వేలితో తుడవండి.

నోరు చుట్టి కట్టే రోల్‌టాప్ సంచులు పడవ ప్రయాణాలకు బాగుంటాయి, మొత్తం బ్యాగునే అందులో దించొచ్చు. లోపల ఏం జరుగుతోందో కనబడదు, ఆగాల్సిన సమయం రెట్టింపు.

సిలికా జెల్: దేనికి, ఎంత

తేమ పీల్చే గింజలుండే చిన్న సిలికా జెల్ పొట్లం బ్యాగులో వేసుకుని ఆవిరి పట్టదని నమ్మేవాళ్లు చాలామంది ఉన్నారు. నీరు కట్టడానికి క్షణాలు చాలు, జెల్ చుట్టూ గాలిని పొడి చేయడానికి అరగంటకు పైనే పడుతుంది. తెరిచిన బ్యాగులో అయితే ఊరి గాలినంతా పొడి చేయాలని చూస్తూ ఒక్కరోజులో నిండిపోతుంది. ఆవిరి పట్టకుండా ఆపేది మూసిన కవర్. జెల్ దానికి సాయం. తేమగాలి కొంచెం లోపలికి చొరబడినా, కెమెరా కొద్దిగా తడిగా ఉన్నా అప్పుడు పనికొస్తుంది.

జెల్ అసలు చోటు ఇంట్లో కెమెరా దాచే డబ్బా. మూతకు రబ్బరు రింగు, నాలుగువైపులా క్లిప్పులున్న వంటింటి ప్లాస్టిక్ డబ్బా 10 లీటర్లది తీసుకోండి. ఆ డబ్బాలో వానాకాలపు గాలిలో ఉండే నీరు మొత్తం పావు గ్రాము. 100 గ్రాముల జెల్ 40 శాతం తేమ దగ్గర 20 గ్రాముల దాకా నీరు పట్టుకుంటుంది. చూడ్డానికి ఏళ్ల తరబడి సరిపోతుందనిపిస్తుంది గానీ, తెరిచినప్పుడల్లా కొత్త గాలి వస్తుంది, బెల్టులూ స్పాంజీ తమలో దాచుకున్న తేమ వదులుతాయి. అందుకే 10 లీటర్లకు 150 గ్రాములు వేసి, వానాకాలంలో నెలకోసారి మార్చుకోవాలి.

రంగు మారే రకమే కొనండి, నిండిందో లేదో చూస్తే తెలుస్తుంది. నీలం నుంచి గులాబీకి మారేదాంట్లో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, అది ఒంటికి మంచిది కాదు, ఇంట్లో పిల్లలుంటే అసలు వద్దు. నారింజ నుంచి ఆకుపచ్చకు తిరిగే రకం ధరలో పెద్ద తేడా లేకుండా దొరుకుతోంది, దాన్నే తీసుకోండి. నిండిన జెల్‌ను ఓవెన్‌లో 110 నుంచి 120 డిగ్రీల మధ్య రెండు గంటలు ఉంచితే మళ్లీ పాత రంగుకు వస్తుంది. అంతకు మించి వేడిచేస్తే రంగు మాడిపోయి సూచన పనిచేయదు. ఆరిన గింజలను గాలి చొరని సీసాలో పోసి చల్లారాకే డబ్బాలో పెట్టాలి. వేడిగా పెడితే డబ్బా వేడెక్కుతుంది, గిన్నెలో వదిలేస్తే చల్లారేలోపు మళ్లీ తేమ పీల్చేస్తాయి. గింజల మీద నీటిచుక్క నేరుగా పడితే పగిలి పొడి రాలుతుంది, ఆ పొడి లెన్సు రింగుల్లోకి పోతే గరగరమంటుంది. పల్చటి నేతగుడ్డ రెండు మడతలు పెట్టి మూటకట్టి, లెన్సులకు తగలకుండా మూలన పెట్టండి.

బట్టల బీరువాలో పెట్టే తేమ డబ్బాలు, అంటే అడుగున నీళ్లు చేరేవి, కెమెరా పక్కన పెట్టొద్దు. వాటిలో ఉండేది కాల్షియం క్లోరైడ్. ఒరిగిపోతే కారే ఉప్పునీరు లోహాన్ని తినేస్తుంది. బియ్యం దుమ్ము రాలుస్తాయి, తేమ పీల్చడంలో సిలికా జెల్ ముందు ఆగవు. కలరా ఉండలు, కర్పూరం కెమెరా దగ్గరికే రానివ్వొద్దు. నికాన్ మాన్యువల్ పేరుపెట్టి మరీ వద్దంటుంది.

తేమ చూపే మీటరు

డబ్బాలో చిన్న డిజిటల్ తేమ మీటరు తప్పకుండా ఉండాలి. చవక మీటర్లలో 5 శాతం అటూఇటూ తేడా మామూలే, కొన్నిట్లో పది కూడా ఉంటుంది. ఇంట్లోనే సరిచూసుకోవచ్చు. సీసా మూతలో వంట ఉప్పు పోసి, తడి ఇసుకలా అయ్యేదాకా కొన్ని చుక్కల నీళ్లు కలపండి. ఉప్పు కరిగిపోయేంత నీళ్లు పోయొద్దు. ఆ మూతనూ మీటరునూ జిప్‌లాక్ కవర్లో పెట్టి, ఒకదానికొకటి తగలకుండా రాత్రంతా ఉంచండి. 25 డిగ్రీల దగ్గర ఆ గాలి తేమ 75 శాతం దగ్గర నిలబడుతుంది. మీటరు 81 చూపిస్తే ఆరు ఎక్కువ చూపిస్తోందన్నమాట. ఆ అంకె కాగితం మీద రాసి మీటరు వెనక అంటించండి. డ్రై క్యాబినెట్‌కు ఉండే మీటరునూ దీంతో పక్కపక్కన పెట్టి పోల్చుకోవచ్చు.

డ్రై క్యాబినెట్

ముప్పై లీటర్ల లోపు క్యాబినెట్ సుమారు ఏడు నుంచి పది వేల మధ్య వస్తుంది. రెండు లెన్సులకు మించి ఉండి, సముద్రం దగ్గర ఊళ్లో ఉంటే ఇది కొనదగ్గ వస్తువే, ఫంగస్ భయం పోవడానికి. నికాన్ తన కెమెరాలను 60 శాతం తేమ దాటిన చోట దాచొద్దంటుంది. కోస్తా ఇళ్లలో ఏడాదిలో చాలా నెలలు ఇంట్లో తేమ ఆ గీత పైనే ఉంటుంది. ఫంగస్ ఒకసారి గాజు పూత మీద పెరిగితే శుభ్రం చేసినా మచ్చ పోకపోవచ్చు.

లోపలి యంత్రం రెండు రకాలు. ఒకటి పెల్టియర్ రకం. చిన్న పలక చల్లబడి దాని మీద నీరు కడుతుంది, ఆ నీరు వెనకవైపుకు పోయి ఆవిరవుతుంది. చప్పుడు ఉండదు, కరెంటు అతి తక్కువ, కోస్తా వేడికి బాగా సరిపోతుంది. చలి ప్రాంతాల్లో మందగిస్తుంది. రెండోది తేమ పీల్చే గింజలను వాడి, కొన్ని గంటలకోసారి హీటరుతో వాటిని ఆరబెట్టి ఆవిరిని బయటికి వదిలేది. చలిలోనూ పనిచేస్తుంది, ఆరబెట్టే సమయంలో లోపల కొంచెం వేడెక్కుతుంది. తెలుగు జిల్లాల్లో రెండింటిలో ఏదైనా ఫరవాలేదు, రకం కంటే తలుపు రబ్బరు బిగువు చూసి కొనడం ముఖ్యం. కాగితం ముక్క తలుపు సందులో పెట్టి మూసి లాగండి. నాలుగు మూలలా, నడుమల్లా పట్టి లాగినట్టు ఉండాలి. ఒక మూల సులువుగా జారితే ఆ క్యాబినెట్ వెనక్కి ఇచ్చేయండి. ఆ సందు ఉన్నంతకాలం యంత్రం ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది.

తేమ 40 నుంచి 45 శాతం మధ్య పెట్టుకోండి. మరీ తక్కువకు దించితే లాభం లేదు, రబ్బరుకూ తోలుకూ మంచిది కాదు. అట్టపెట్టెలు, తోలు కేసులు, తడి బెల్టులు లోపల పెట్టొద్దు. అవి తేమ వదులుతూనే ఉంటాయి, ఫంగస్ మొదట పట్టేది కూడా వాటికే. కరెంటు పోయినా తలుపు తీయకుండా ఉంటే గంటల తరబడి తేమ పెద్దగా పెరగదు, ఇన్వర్టర్ లైను దీనికోసం వేయించనక్కర్లేదు. పెట్టాక మరచిపోవడం కూడా మంచిది కాదు. నెలకోసారైనా బయటికి తీసి, రింగులు తిప్పి, షట్టరు నొక్కి పెట్టాలి.

ఇక మొదట చెప్పిన ఫిర్యాదు సంగతి. క్యాబినెట్ తేమ తగ్గిస్తుంది, కెమెరాను వెచ్చగా ఉంచదు. ఏసీ పడకగదిలో క్యాబినెట్ పెడితే లోపల కెమెరా కూడా 23, 24 డిగ్రీలకే చేరుతుంది. ఎంత పొడిగా ఉన్నా అంత చల్లగా ఉన్న గాజు 27 డ్యూ పాయింట్ గాలిలోకి రాగానే మసకేస్తుంది. మందు తేలిక. క్యాబినెట్‌ను ఏసీ లేని హాల్లోనో లోపలి గదిలోనో, వంటింటికీ స్నానాలగదికీ దూరంగా పెట్టండి. అప్పుడు కెమెరా ఊరి వేడికి సమానంగా ఉంటుంది, తీసి నేరుగా బయటికి పట్టుకెళ్లొచ్చు. ఇంటి నుంచే షూట్‌కు బయల్దేరేవాళ్లకు ఈ ఒక్క మార్పుతో జిప్‌లాక్ కవర్ అవసరమే రాదు, కారులో ఏసీ గాలి బ్యాగు మీదికి నేరుగా కొట్టకుండా డిక్కీలో పెడితే చాలు. పగలు ఎండలో నిలిపిన కారు డిక్కీలో మాత్రం వదిలేయొద్దు.

హీటర్ పట్టీ

రాత్రి ఆకాశం తీసేవాళ్లది వేరే బాధ. మబ్బు లేని రాత్రి లెన్సు ముందు గాజు తన వేడిని నేరుగా ఆకాశంలోకి వదులుతూ చుట్టూ గాలికంటే కూడా చల్లబడుతుంది. గడ్డి మీద మంచు కురిసేది ఎలాగో ఇదీ అలాగే. ఇక్కడ కవర్ పనికిరాదు, లెన్సు బయటే ఉండాలి కదా. యూఎస్‌బీ హీటర్ పట్టీ ఒక్కటే దారి. 5 వాట్ల పట్టీ గాజును గాలికంటే రెండు మూడు డిగ్రీలు వెచ్చగా ఉంచితే చాలు. 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు దాన్ని దాదాపు ఆరు గంటలు లాగుతుంది. వేడి తగ్గించే బటను ఉన్నది కొనండి. కానీ బాగా తక్కువలో పెడితే కరెంటు చాలడంలేదని కొన్ని పవర్ బ్యాంకులు తమంతట తామే ఆగిపోతాయి, ఇంట్లోనే ఒక గంట వేసి చూసుకోండి. పట్టీ ముందు గాజు అంచుకు వీలైనంత దగ్గరగా, ఫోకస్ రింగు మీదికి రాకుండా చుట్టాలి. వేడికి ఫోకస్ కొద్దిగా జరుగుతుంది, కాబట్టి పట్టీ వేసి పదిహేను నిమిషాలయ్యాకే నక్షత్రం మీద ఫోకస్ చేయండి. మసకేశాక వేస్తే ఆరడానికి చాలాసేపు పడుతుంది, చీకటి పడగానే వేసేయండి. లెన్సు ముందు తొడిగే హుడ్ కూడా ఉంచితే సగం పని అదే చేస్తుంది.

మసక రాకుండా పూసే స్ప్రేలు కళ్లజోడుకు సరే. లెన్సు పూత మీద వద్దు. పూయక తప్పదనుకుంటే లెన్సు ముందు బిగించే యూవీ ఫిల్టరు మీద పూయండి, కానీ దాని వెనక లెన్సుకు పట్టే ఆవిరికి అది ఏమీ చేయదు.

అప్పటికే మసకేస్తే

పైగాజు మీద మాత్రమే ఉంటే ముట్టుకోకుండా ఆగండి. తుడిచిన ప్రతిసారీ మళ్లీ పడుతుంది, దుమ్ముంటే గీతలు పడతాయి. నోటితో ఊదడం ఇంకా హాని. ఆగే లోపు జూమ్ తిప్పొద్దు, సాగే జూమ్ పిచికారీలాగా తేమగాలిని లోపలికి లాగుతుంది. లెన్సు మార్చడమైతే అసలు వద్దు.

వ్యూఫైండర్‌లోనో, గాజుల మధ్యనో, లెన్సు వెనకవైపో ఆవిరి కనిపిస్తే వెంటనే ఆఫ్ చేయండి. కెనాన్ పాత మాన్యువళ్లు లెన్సు, కార్డు, బ్యాటరీ తీసేయమనేవి, కొత్తవి మాత్రం అవేవీ తీయకుండా తేమ పూర్తిగా ఆరేదాకా వాడొద్దంటాయి. ఆరబెట్టడం మండపం తేమగాలిలో కాకుండా ఏసీ గదిలో చేయండి, అక్కడి పొడిగాలికి త్వరగా ఆరుతుంది. దుమ్ము పడకుండా పల్చటి శుభ్రమైన గుడ్డ కప్పి పెట్టండి. హెయిర్ డ్రయ్యర్ పెట్టొద్దు, గ్రీజు కరిగి లెన్సు లోపలి బ్లేడ్ల మీదికి రావచ్చు, నీటి ఆవిరి ఇంకా లోపలికి పోవచ్చు. ఆరాక ఆ గదిలోనే జిప్‌లాక్ కవర్లో మూసి, పైన చెప్పినంత సేపు ఆగి బయటికి తీయండి. ఒక రోజు గడిచినా గాజుల మధ్య మసక పోకపోతే, లేదా సాలెగూడు పోగుల్లాంటి గీతలు కనిపిస్తే, ఇంట్లో విప్పకుండా సర్వీసు సెంటరుకు ఇవ్వండి. అలాంటి లెన్సును మిగతావాటితో కలిపి ఒకే డబ్బాలో మాత్రం పెట్టొద్దు.